400 కిలోల ట్రెడిల్ మిషన్‌కి చక్రాల బండి ఎలా కట్టించాలి?

అందరికీ నమస్కారం. తెనాలిలో మా నాన్నగారు ముప్పై ఏళ్లు శుభలేఖలు, కరపత్రాలు అచ్చేసిన ట్రెడిల్ మిషన్ (కాలితో తొక్కి నడిపే అచ్చు యంత్రం) ఇప్పుడు మా వరండాలో ఉంది. అంతా పోత ఇనుము, దాదాపు 400 కిలోలు. దాన్ని మళ్లీ తిప్పాలని నా కోరిక. వరండాలో జల్లు కొడుతుంది, అందుకే వానాకాలం లోపలికి జరుపుకునేలా ఉండాలి.

75×40 మి.మీ. సి ఛానల్‌తో (సి ఆకారపు ఇనుప కడ్డీతో) చట్రం, కింద నాలుగు 6 అంగుళాల క్యాస్టర్లు (బండి చక్రాలు) అనుకున్నాను. నేల నాపరాళ్లు, ఎగుడుదిగుడు. ఒక చక్రం గాల్లో ఉంటే బరువంతా మిగతా మూడింటి మీదే కదా, అందుకని ఒక్కోటి 200 కిలోలు మోసేవి చూస్తున్నాను. వెల్డింగ్ షాపతను 50×50×6 మి.మీ. యాంగిల్ (ఎల్ ఆకారపు ఇనుప కడ్డీ) చాలంటున్నాడు. నాకు ధైర్యం చాలడం లేదు. చట్రం మెలి తిరిగితే పోత ఇనుము వంగదు, పగులుతుంది. పోయినసారి గునపాలతో జరిపినప్పుడే ఒక కాలి దగ్గర వెంట్రుకంత బీట పడింది. తడిమితే గోరుకు తగులుతుంది, ఆ రోజు నుంచి మనసు కుదురుగా లేదు.

పాలియురెథేన్ (రబ్బరులాంటి గట్టి ప్లాస్టిక్) చక్రాలు మేలా, ఇనుపవా? నెలల తరబడి ఒకేచోట ఉంటే పాలియురెథేన్ అణిగిపోతుందా? తొక్కేటప్పుడు కదలకుండా నాలుగు మూలలా బోల్టు జాకీలు పెట్టి చక్రాలను నేల నుంచి లేపేస్తే సరిపోతుందా? ఫ్లైవీల్ (మిషన్‌ని ఆగకుండా తిప్పే బరువైన చక్రం) ఒక పక్కనే ఉంది, పైబరువు ఎక్కువ. గడప దాటేటప్పుడు ఒరగకుండా అటువైపు చట్రం ఎంత బయటికి పెట్టాలి?

ఇలాంటివి కట్టించినవాళ్లు కొలతలు, ఫొటోలు పెడితే ఎంతో మేలు చేసినవారవుతారు.