పెళ్లి నమోదులో ఉన్న తండ్రి పేరును నమ్మొచ్చా? (స్కాట్లాండ్‌లోని లానార్క్‌షైర్ గని కుటుంబం)

పాతకాగితం: 1870ల్లో హామిల్టన్ దగ్గర పెళ్లికాని తల్లికి పుట్టిన కొడుకు. జనన నమోదులో తండ్రి గడి ఖాళీ. పాతికేళ్ల తర్వాత అతని పెళ్లి నమోదులో మాత్రం తండ్రి పేరు ఉంది: బొగ్గు గని కార్మికుడు, అప్పటికే చనిపోయాడు. వంశవృక్షంలో ఎక్కించొచ్చా?

బొగ్గుపొర: ఎక్కించండి. గడి ఖాళీగా ఉంటే తండ్రెవరో తెలియదని కాదు. 1855లో మొదలైన స్కాట్లాండ్ నమోదులో, పెళ్లికాని తండ్రి పేరు రాయాలంటే అతను కూడా తల్లితో పాటు వచ్చి సంతకం పెట్టాలి. రాకపోతే ఊరంతటికీ తెలిసిన తండ్రైనా గడి ఖాళీయే.

తాళంచెవి: పెళ్లి నమోదులోనూ ఎవరూ రుజువు అడగలేదు కదండీ, పెళ్లికొడుకు చెప్పిందే రాత. ఎక్కువగా దొర్లే తప్పు మారుతండ్రి పేరు. కాబట్టి ముందు తల్లికి తర్వాత పెళ్లయిందేమో చూడండి. కొందరు తాతను తండ్రిగా చెప్పారు. కొందరు పేరే కల్పించారు. పోయాడంటే ఇక ఆరా తీసేవాడు ఉండడు. ఆ పేరు, ఆ పని ఉన్న మనిషి 1871 జనాభా లెక్కల్లో ఆ చుట్టుపక్కల గని లైన్ ఇళ్లలో ఉన్నాడా? అద్దెకున్న కుర్రాళ్లను కూడా వదలొద్దు.

తర్వాత జనన పేజీ అంచు చూడండి. ఆర్.సి.ఇ. అని, పక్కన సంపుటం, పేజీ అంకెలు ఉంటే అది సవరణల రిజిస్టరు. షెరీఫ్ కోర్టు (స్కాట్లాండ్‌లో స్థానిక కోర్టు) తండ్రిని తేల్చిన తీర్పు అందులో దొరకొచ్చు. అన్ని తీర్పులూ అక్కడికి చేరలేదు, కాబట్టి కోర్టు దస్త్రాలనే వెతకాలి. చాలామంది బోల్తా పడేది ఇక్కడే: దావా మామూలుగా ప్రతివాది ఉండే చోట వేస్తారు. అతను అదే జిల్లాలో వేరే కోర్టు ఉన్న ఎయిర్‌డ్రీలో గనికి మారి ఉంటే హామిల్టన్ దస్త్రాల్లో ఎంత వెతికినా దొరకదు.

కర్క్ సెషన్ (స్కాట్లాండ్ ప్రొటెస్టంట్ చర్చి స్థానిక పెద్దల సభ) మినిట్స్‌ను ప్రసవానికి ఆరు నెలల ముందు నుంచి రెండేళ్ల తర్వాత దాకా చదవండి. తండ్రెవరని తల్లిని నిలదీసేవారు. ఐరిష్ కాథలిక్ కుటుంబమైతే అది వృథా, బాప్తిస్మం రిజిస్టరు చూడాలి.

సెంటీమోర్గన్: కాగితం ఎంత ఉన్నా డీఎన్‌ఏ లేకుండా ఒప్పుకోను. ఆ కొడుకు మనవలకూ, ఆ పేరున్న మనిషికి పెళ్లిలో పుట్టిన బిడ్డ మనవలకూ సగటున 120 సెంటీమోర్గన్లు (ఇద్దరికీ కలిసే డీఎన్‌ఏ కొలత) కలవాలి.

తాళంచెవి: సగటు సరే. అసలు తండ్రి ఆ పేరున్న మనిషి తమ్ముడైతే అదే లెక్క 70 చిల్లర, రెండింటి పరిధులూ ఒకదాని మీదొకటి పడతాయి. ఒక్క మ్యాచ్‌తో అన్నదమ్ములను విడదీయలేరు. తండ్రి నుంచి కొడుక్కి వచ్చే వై-డీఎన్‌ఏ కూడా తేల్చదు, అన్నదమ్ములకు అది ఒకటే. పైగా 1606 చట్టం నుంచి 1799 దాకా బొగ్గు పనివాళ్లు గనికి కట్టుబడి బతికారు, పెళ్లిళ్లు ఎక్కువగా తమలోనే. అందుకే కలిసే డీఎన్‌ఏలో చిన్న చిన్న ముక్కలు కూడి మొత్తం ఉబ్బుతుంది. 15 సెంటీమోర్గన్ల లోపు ముక్కలను పక్కన పెట్టి, అతి పొడవైన ముక్క చూడండి.

బొగ్గుపొర: సరే, చుక్కల గీతతో ఎక్కించి "పెళ్లి నమోదు ఆధారం మాత్రమే" అని రాయండి. పేరు పూర్తిగా వదిలేస్తే మాత్రం తర్వాత వెతికేవాళ్లకు దారి మూసినట్టే.

సెంటీమోర్గన్: గీతకు అభ్యంతరం లేదు. పరీక్షకు ముందు ఇంట్లో అందరికంటే పెద్ద తరం వాళ్లను అడగండి. నోరు ఎండిపోయే వయసైతే ఉమ్మి ట్యూబు నిండదు, బుగ్గ లోపల రుద్దే పుల్ల ఉన్న కిట్ తెప్పించండి.