అమ్మతో అండమాన్: ఏ బీచ్‌లు ఎంచుకోవాలి?

అందరికీ నమస్కారం. మాది శ్రీకాకుళం జిల్లా, కళింగపట్నం దగ్గర. ఫిబ్రవరిలో అమ్మని, ఆరేళ్ల మా బాబుని తీసుకుని అండమాన్ వెళ్దామనుకుంటున్నాం. మొత్తం 5 రోజులు.

సముద్రం మాకు కొత్త కాదు. కానీ మా వైపు కెరటం ఒడ్డుకొచ్చి విరుగుతుంది, వెనక్కి వెళ్తూ కాళ్ల కింద ఇసుకంతా లాగేస్తుంది. పోయిన కార్తీకంలో అమ్మ కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని పాదాలు తడుపుకుంటుంటే అలాగే పడిపోయింది. అప్పట్నుంచి నీళ్లలో దిగడం లేదు. మోకాళ్ల నొప్పులు సరేసరి. ఒక్కసారైనా ఆవిడ భయం లేకుండా నడుంలోతు నీళ్లలో కూర్చోవాలని నా కోరిక.

స్వరాజ్ ద్వీప్‌కి (పాత హేవ్‌లాక్) వెళ్తే రాధానగర్ బీచ్‌కి సూర్యాస్తమయానికి ఎలాగూ వెళ్తాం. ఎలిఫెంట్ బీచ్‌కి అడవిలో నడవాలి, లేదా పడవెక్కాలి. పడవ దిగేటప్పుడు పెద్దవాళ్లకి ఇబ్బందా? దాని బదులు షహీద్ ద్వీప్‌లో (నీల్) భరత్‌పూర్ మేలంటారా? అక్కడ లోతు తక్కువని, అయితే నీరు తీసినప్పుడు పగడపు రాళ్లు బయటపడతాయని చదివాను. పిల్లాడి కాళ్లు కోసుకుపోవూ? ఏ వేళకి వెళ్తే మంచిది?

రెండు దీవులూ తిరగాలా, ఒక్క నీల్‌లోనే 3 రాత్రులు ఉండిపోవాలా? నాకైతే రెండోదే నచ్చుతోంది. పెద్దవాళ్లతో వెళ్లొచ్చినవాళ్లు దయచేసి చెప్పండి, టిక్కెట్లు ఇంకా తియ్యలేదు.