రాసిపెట్టిన మాటలతో చేసే పూజలో మనసు ఉంటుందా?

కొత్త ప్రశ్న

నేను పుట్టుకతో కథోలికుణ్ణి. ఈ మధ్య ఒక ప్రార్థన కూటానికి కూడా వెళ్తున్నాను. అక్కడ ఎవరికి తోచిన మాటల్లో వాళ్లు దేవుడితో మాట్లాడతారు. కళ్లనీళ్లు పెట్టుకుంటారు, చేతులెత్తి పాడతారు. ఆదివారం గుడిలో పూజకు (మాస్‌కు) వస్తే ఎప్పుడు నిలబడాలో, ఎప్పుడు మోకరించాలో, గురువు (ఫాదర్) ఏమంటే మనం ఏమనాలో అంతా ముందే ఖరారై ఉంటుంది.

పోయిన వారం విశ్వాస సంగ్రహం, అంటే మనం నమ్మేవాటిని అందరం కలిసి చెప్పే ప్రార్థన, చెబుతుంటే మధ్యలో నా ఆలోచన ఆఫీసు పనిమీదికి పోయింది. నోరు మాత్రం ఆగలేదు. చివర్లో అందరితోపాటు ఆమెన్ అన్నాను. ఆ తర్వాత భయమేసింది. ప్రార్థనలో వ్యర్థమైన మాటలు పేర్చవద్దని మత్తయి 6:7లో ప్రభువే చెప్పారు కదా, నేను చేసింది అదే కదా అనిపించింది. గొడవ కోసం అడగడం లేదు. దైవార్చనకు, అంటే గుడిలో అందరం కలిసి చేసే ఈ ఆరాధనకు, ఇంత కట్టుదిట్టమైన క్రమం ఎందుకో నిజంగా తెలుసుకోవాలని ఉంది.

ఉపదేశి

తమ్ముడూ, మత్తయి 6:7 చదివావు, ఇంకో రెండు వచనాలు ముందుకెళ్లు. 6:9లో ప్రభువు శిష్యులకు పరలోక జపం నేర్పిస్తారు. వద్దన్నది మాటలు ఎక్కువైతే దేవుడు వింటాడనే నమ్మకాన్ని. నేర్చుకున్న మాటలతో ప్రార్థించడాన్ని కాదు. గెత్సేమనిలో ఆయన మూడోసారి కూడా అవే మాటలతో ప్రార్థించారని మత్తయి 26:44 చెబుతుంది. సిలువమీద ‘నా దేవా, నా దేవా, నన్నెందుకు విడనాడితివి’ అన్నది 22వ కీర్తన మొదటి మాట. అంత వేదనలో ప్రభువు నోటికి వచ్చింది తన ప్రజలు తరతరాలుగా పాడుకుంటున్న ప్రార్థన.

ఇది నాకు పుస్తకంలో కన్నా మా నాన్న చివరి రాత్రి బాగా అర్థమైంది. గురువు వచ్చి నూనె పూసి ప్రార్థన మొదలుపెట్టారు. నా సొంత మాటల్లో ప్రార్థించమని ఆ రాత్రి ఎవరైనా అడిగి ఉంటే నోరు పెగిలేది కాదు. గురువు ఒక వాక్యం అంటే అమ్మా నేనూ జవాబు చెప్పాం. పరలోక జపం మొదలుపెట్టగానే, అప్పటిదాకా కళ్లు తెరవని నాన్న పెదవులు కదిలాయి. శబ్దం రాలేదు. కానీ ఎక్కడ ఆగాలో అక్కడ ఆగాయి. అరవై ఏళ్లు పరధ్యానంగానో శ్రద్ధగానో చెప్పిన మాటలు అవి. ఆ రాత్రికి ఆయన దగ్గర అవే మిగిలాయి.

గాయక బృందం నుంచి

ఉపదేశి గారి మాటకు నా కళ్లు చెమర్చాయి. అయినా నేను ఒప్పుకోలేని విషయం ఒకటుంది. మొదట్లో క్రమం ఇంత బిగుతుగా లేదు. సుమారు క్రీ.శ. 155లో తొలినాటి క్రైస్తవ రచయిత పునీత జస్టిన్ ఆదివారపు ఆరాధనను వర్ణించారు. అందులో అధ్యక్షుడు ‘తన శక్తికొద్దీ’ ప్రార్థనలు, కృతజ్ఞతలు అర్పిస్తాడని ఉంది. అంటే అప్పటి గురువు తన మాటల్లోనే ప్రార్థించేవాడన్నమాట. తర్వాత 1570లో ఐదవ పయస్ పాపుగారు (పోప్) ఒక పూజాగ్రంథం ఇచ్చారు, 1969లో ఆరవ పౌలు పాపుగారు దాన్ని సవరించారు. ఇన్నిసార్లు మారినదాన్ని తాకరాదని ఎలా అంటాం?

ఇంకో బాధ కూడా ఉంది. కొవ్వొత్తులు ఎన్ని, ఏ వస్త్రం ఏ రంగు అని గంటలు వాదించేవాళ్లను చూశాను. అదే గుడి మెట్లమీద కూర్చున్న మనిషిని వాళ్లు చూడరు. ‘మీ పండుగలు నాకు అసహ్యం, న్యాయం నదిలా పారాలి’ అని ఆమోసు ప్రవక్త ద్వారా దేవుడన్న మాట ఇలాంటివాళ్లకే కదా?

పఠనాలు చదివే అక్క

ఆమోసు మాట నూటికి నూరుపాళ్లు నిజం. మరి ఆ మాట పూజలో మనకు ఎవరు వినిపిస్తున్నారు? అది పఠనాల్లో ఉంది కాబట్టే వింటున్నాం. మనకు వదిలేస్తే ఆ వచనం జోలికే వెళ్లం.

జస్టిన్ గారి వర్ణన నేనూ చదివాను. ప్రార్థన మాటలు అధ్యక్షుడివే కావచ్చు, క్రమం మాత్రం ఇప్పుడున్నదే. ముందు పఠనాలు, తర్వాత ప్రసంగం, అందరూ లేచి ప్రార్థించడం, రొట్టె, ద్రాక్షారసం, నీళ్లు తేవడం, కృతజ్ఞతార్పణం, జనం ఆమెన్, రాలేనివాళ్లకు పరిచారకులు తీసుకెళ్లి ఇవ్వడం. ఆ వెంటనే అనాథలకూ విధవరాళ్లకూ రోగులకూ ఖైదీలకూ కానుకలు. మెట్లమీద మనిషిని మరిచిపోయే పూజ ఆ క్రమానికే విరుద్ధం. తప్పు క్రమానిది కాదండి, సగంలో ఆపేసిన మనది.

నా అనుభవం ఒకటి చెప్తాను. ఆదివారం పఠనాలు మూడేళ్ల చక్రంలో తిరుగుతాయి. ప్రధానంగా ఒక ఏడు మత్తయి, ఒక ఏడు మార్కు, ఒక ఏడు లూకా. మత్తయి ఏడులో సామాన్య కాలపు (పెద్ద పండుగల కాలాలు కాని రోజుల) 24వ ఆదివారం మొదటి పఠనం బైబిలులోని సీరా జ్ఞాన గ్రంథం నుంచి వస్తుంది. పొరుగువాని తప్పు మన్నించు, అప్పుడు నీవు ప్రార్థిస్తే నీ పాపాలు మన్నించబడతాయి అనే భాగం. ఆ వారం చదివే వంతు నాది. ఆస్తి విషయంలో మా అన్నయ్యతో మాట్లాడడం మానేసి అప్పటికి రెండేళ్లు. వదిన నాలుగో వరుసలో కూర్చుని ఉంది. ఆ వాక్యం దగ్గర గొంతు పట్టేసింది, నీళ్లు మింగినట్టు మింగి చదివాను. నేను ఎంచుకునేదాన్నయితే ఆ రోజు వేరే ఏదైనా చదివేదాన్ని. ఎంచుకునే వీలు లేకపోవడమే నాకు మేలు చేసింది. సాయంత్రం అన్నయ్యకు ఫోన్ చేశాను.

గురువుకైనా అంతే. 1963 డిసెంబరు 4న రెండవ వాటికన్ మహాసభ (ప్రపంచంలోని కథోలిక బిషప్పుల సమావేశం) ప్రకటించిన దైవార్చన పత్రంలోని 22వ అంశం ప్రకారం, గురువైనా సరే తన సొంత అధికారంతో దైవార్చనలో ఏదీ చేర్చకూడదు, తీసేయకూడదు, మార్చకూడదు. గురువు హుషారుగా ఉన్నా నీరసంగా ఉన్నా, గొప్ప వక్త అయినా కాకపోయినా, జనానికి అందవలసింది అందుతుంది. మార్పులు వచ్చాయి, నిజమే. అవి శ్రీసభ, అంటే మొత్తం కథోలిక సంఘం, చేసినవి, ఒక మనిషికి తోచినవి కావు.

కొత్త ప్రశ్న

అక్కా, చాలావరకు ఒప్పుకుంటున్నాను. కానీ నా పరధ్యానం సంగతి? ప్రార్థన కూటం మానేయాలా?

ఉపదేశి

మానకు. అదే పత్రం 12వ అంశంలో ఆధ్యాత్మిక జీవితం దైవార్చనతోనే అయిపోదని, గదిలోకి వెళ్లి తండ్రిని రహస్యంగా ప్రార్థించాలని కూడా ఉంది. 11వ అంశం ఇంకా సూటిగా ఉంటుంది. నియమాలు పాటిస్తే సరిపోదు, విశ్వాసులు తెలిసి, చురుగ్గా పాల్గొనేలా గురువులు చూడాలి. నీ భయం మహాసభకూ ఉందన్నమాట. ఆ పత్రానికి ఓటు వేసినప్పుడు 2147 మంది ఔనన్నారు, నలుగురే కాదన్నారు. 

ఒక పని చెయ్యి. శనివారం రాత్రి మరుసటి రోజు పఠనాలు ఒకసారి చదువుకో. పూజలో కానుకల సమయంలో గురువు చేతులు చూడు. పాత్రలో ద్రాక్షారసం పోశాక కొద్దిగా నీళ్లు కలుపుతారు. మన మానవత్వాన్ని పంచుకున్న క్రీస్తు దైవత్వంలో మేమూ పాలుపొందాలి అనే అర్థంతో లోగొంతుతో ఒక ప్రార్థన చెబుతారు. ఆ నీటి చుక్కను మళ్లీ ఎవరూ బయటికి తీయలేరు. నీ ఆఫీసు టెన్షన్‌ను ఆ చుక్కతోపాటు అందులో వేసెయ్.

గాయక బృందం నుంచి

గురువు లోగొంతుతో చెప్పే ఆ ప్రార్థన ఇన్నేళ్లలో నేను ఒక్కసారీ వినలేదు. ఎందుకంటే సరిగ్గా అప్పుడు మా కానుకల పాట నడుస్తుంటుంది. పాడాల్సిందే, అది తప్పు కాదు. కానీ సత్ప్రసాదం (పూజలో పంచే పవిత్ర రొట్టె) తీసుకున్న తర్వాత మౌనం ఉండాలని నియమావళిలో ఉంది, అక్కడ కూడా మేం రెండు పాటలు పెట్టి నింపేస్తున్నాం. జనానికి బోరు కొడుతుందేమోనని.

క్రమం గురించి నా వాదన పూర్తిగా వదల్లేదు, మళ్లీ రాస్తాను. ఈ ఆదివారం మాత్రం రెండో పాట తీసేయమని మావాళ్లను అడుగుతాను. కీబోర్డు వాయించే తమ్ముడు ఒప్పుకోవాలి.