మోటార్‌హోమ్‌కి అలారం మనమే చేసుకోవచ్చా, కొన్నదే పెట్టుకోవాలా?

చక్రాలఇల్లు:
దొంగ చెయ్యేస్తే మోగేలా మోటార్‌హోమ్‌కి అలారం నేనే చేసుకుందామనుకుంటున్నాను. తలుపులకి, బయటి సామాన్ల అరలకి రీడ్ స్విచ్‌లు (మాగ్నెట్ దగ్గరుంటే కలిసేవి), ఒక రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే స్విచ్), 12 వోల్టుల సైరన్, లోపల ఒక మోషన్ సెన్సర్. తెలిసినవాళ్లేమో సొంత తయారీని నమ్ముకోవద్దు, కంపెనీది కొనుక్కో అంటున్నారు. మీరేమంటారు?

రాత్రిబస:
కొనుక్కోండి. చేతిపని అంటే నాకు చిన్నచూపేం లేదు, కానీ అలారం పాడైందన్న సంగతి సరిగ్గా దొంగ వచ్చిన రోజే బయటపడుతుంది. బండి అదురుడికి అతుకులు వదులవుతాయి. పైగా కొన్ని ఇన్సూరెన్స్ పాలసీలు ధ్రువీకరించిన అలారం ఉంటేనే లెక్కలోకి తీసుకుంటాయి. ఊరికే మోగే అలారం ఇంకా ప్రమాదం, పక్కబండివాళ్లు ఒకటి రెండుసార్లు లేచి చూస్తారు, ఆ తర్వాత నిజంగా మోగినా పట్టించుకోరు.

టంకం:
ఇన్సూరెన్స్ మాట నిజమే, పాలసీ చదివాకే పని మొదలుపెట్టాలి. మిగతాదానికి నేను ఒప్పుకోను.

స్విచ్‌లన్నీ సిరీస్‌లో, అంటే ఒకదాని వెనక ఒకటి కలపండి, తలుపులన్నీ మూసి ఉంటే సర్క్యూట్ పూర్తయ్యేలా. అప్పుడు తలుపు తెరిచినా, వైరు తెగినా, అతుకు ఊడినా లూప్ తెగినట్టే, సైరన్ మోగుతుంది. అంటే అతుకు వదులైన సంగతి దొంగకంటే ముందు మనకే తెలుస్తుంది. చాలామంది తలుపు తెరిస్తే కలిసేలా పెడతారు, అందులో వైరు తెగితే చడీచప్పుడూ ఉండదు.

ఇక రిలే. లూప్ కరెంటుతోనే దాన్ని ఎప్పుడూ పట్టి ఉంచితే మామూలు కారు రిలే కాయిల్ దాదాపు 150 మిల్లీఆంపులు తాగుతుంది, రోజుకి 3.6 ఆంపియర్-అవర్లు, బండి వారం పది రోజులు ఆపి ఉంచితే బ్యాటరీ సగం దిగినా దిగొచ్చు. బదులుగా 12 వోల్టుల నుంచి 100 కిలోఓమ్‌ల రెసిస్టర్ ద్వారా ఒక మాస్‌ఫెట్ (ఎలక్ట్రానిక్ స్విచ్) గేటుకి, అంటే దాన్ని ఆన్ చేసే కాలికి ఇవ్వండి, ఆ గేటుని లూప్ గ్రౌండ్‌కి పట్టి ఉంచుతుంది. లూప్ తెగగానే గేటు వోల్టేజ్ పైకి లేస్తుంది, అప్పుడే రిలే ఆన్ అవుతుంది. కాపలా కాస్తున్నంతసేపూ ఖర్చు 0.12 మిల్లీఆంపులే. గేటు దగ్గర 15 వోల్టుల జీనర్ (వోల్టేజ్‌ని అంతకు మించనివ్వని డయోడ్), రిలే కాయిల్‌కి అడ్డంగా డయోడ్ తప్పనిసరి, బండి లైన్లో వోల్టేజ్ ఎప్పుడెలా ఎగురుతుందో చెప్పలేం. రిలే రెండో కాంటాక్టుతో రిలే తనను తానే పట్టుకునేలా చేయండి, లేకపోతే దొంగ లోపలికి దూరి తలుపు మూసేస్తాడు, సైరన్ ఆగిపోతుంది, తీరిగ్గా పని చూసుకుంటాడు.

మోషన్ సెన్సర్ మాత్రం వద్దు. అది చూసేది వేడిలో మార్పుని. ఎండ పడిన కర్టెన్ కదిలినా, హీటర్ గాలి తగిలినా చిన్న గదిలో మోగించేస్తుంది. అది లేకపోతేనే రాత్రి లోపల పడుకుని కూడా అలారం ఆన్ చేసుకోగలం.

రాత్రిబస:
లూప్ బాగుంది, ఒప్పుకున్నాను. మరి సైరన్ వైరు కోస్తే? బ్యాటరీ వైరు పీకేస్తే? అసలు చాలా మోటార్‌హోమ్‌ల కిటికీలు ఆక్రిలిక్‌వి, అంచు కింద స్క్రూడ్రైవర్ దూర్చి ఎత్తితే గొళ్లెం విరుగుతుంది. తలుపు జోలికే రాడు.

టంకం:
అందుకే కిటికీలకీ, పైకప్పు హ్యాచ్‌కీ కూడా స్విచ్‌లు పెట్టాలి, ఇది వదిలేస్తే మిగతా పనంతా వృథా. వైరు కోసినా మోగే సైరన్లు దొరుకుతాయి, వాటిలోనే చిన్న బ్యాటరీ ఉంటుంది. బయట ఒకటి, లోపల కనపడని చోట ఇంకొకటి పెట్టండి. మూసి ఉన్న గదిలో 110 డెసిబెల్స్ మోగుతుంటే నిలబడటం కష్టం. మెయిన్ బ్యాటరీ నుంచి వచ్చే వైరుకి ఫ్యూజ్ బ్యాటరీ పక్కనే ఉండాలి, మీటరు దూరంలో కాదు.

రాత్రిబస:
మల్టీమీటర్ పట్టుకోవడం వచ్చినవాళ్లకి సరే. రానివాళ్లకి నా సలహా మారదు, కొనుక్కోండి.

చక్రాలఇల్లు:
మోషన్ సెన్సర్ తీసేస్తున్నాను, పాలసీ ఈ రాత్రే చదువుతాను. కిటికీ దగ్గర మాగ్నెట్ ఎంత దూరంలో ఉండాలండీ?

టంకం:
మామూలు స్విచ్‌లకి సెంటీమీటరు దాటనివ్వకండి. ముందు డబుల్ టేపుతో అతికించి, బండిని గతుకుల రోడ్డు మీద తిప్పి, ఆపాక మల్టీమీటర్‌తో ఒక్కో స్విచ్ చూడండి. అన్నీ సరిగ్గా ఉంటేనే స్క్రూలు బిగించండి.