కుక్కర్ పేలితే తప్పెవరిది? అమ్మిన దుకాణం మీద కేసు వేయొచ్చా?

హన్మకొండ బిడ్డ: పోయిన నెల మా ఇంట్లో కుక్కర్ పేలింది. మూత ఎగిరి పైన స్లాబుకు తగిలింది. ఉడుకుడుకు పప్పు అమ్మ మెడ మీద, కుడి చేయి మీద పడి తోలు ఊడింది. పదకొండు రోజులు ఆస్పత్రిలోనే ఉంది. కుక్కర్ మీద ఐఎస్ఐ గుర్తు ఉంది గానీ, దాని కింద ఉండాల్సిన సీఎం/ఎల్ నంబరు, అంటే తయారీ లైసెన్సు నంబరు, లేదు. మూత మీద ఏదో పేరుంది, అడ్రసు లేదు. 14 నెలల కిందట మా బజారులోనే కొన్నాం. బిల్లు లేదు, చిట్టీ మీద ధర రాసిచ్చారు. అమ్మినవాళ్ల మీద కేసు నిలబడుతుందా?

నర్సంపేట స్టీల్ సామాన్లు: ముందు ఇది చెప్పు చెల్లె. రబ్బరు ఎప్పుడు మార్చారు, ఎవరు వేశారు?

హన్మకొండ బిడ్డ: సద్దుల బతుకమ్మకు ముందు. సైకిల్ మీద వచ్చే రిపేరు ఆయన దగ్గర.

నర్సంపేట స్టీల్ సామాన్లు: ఇగ అయిపోయింది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం, 87వ సెక్షన్. ప్రమాదం జరిగేనాటికి వస్తువును మార్చి ఉన్నా, తప్పుగా వాడి ఉన్నా అమ్మినవాడి మీద దావా నడవదు. లోకల్ రబ్బరు వేయించుకుని దుకాణాన్ని అంటే ఎట్లా? ఇరవై రెండేళ్లుగా ఈ వ్యాపారంలో ఉన్నా. నా దగ్గరికి రిపేరుకొచ్చే కుక్కర్లు చూడాలి మీరు, విజిల్ గొట్టంలో పప్పు పొట్టు రాయిలా గట్టిపడి ఉంటుంది.

పరకాల పిల్లగాడు: రబ్బరు కంపెనీది కాకపోతే కష్టమే.

కాజీపేట వకీలు: అన్నా, 87 చెప్పి 86 వదిలేశారు. తయారుచేసినవాళ్లెవరో తెలియకపోతే, తెలిసినా నోటీసు అందించే దారి లేకపోతే, అమ్మినవాళ్లే బాధ్యులవుతారు. అడ్రసు లేని కుక్కర్ సరిగ్గా ఆ కోవలోకే వస్తుంది. రబ్బరు ఎట్లాగూ అరిగేదే, ఎప్పటికప్పుడు మార్చాల్సిందే. దాన్ని మారిస్తే వస్తువునే మార్చినట్టా? వినియోగదారుల కమిషన్ ముందు గట్టిగా వాదించొచ్చు. ఇంకోటి, 2021 ఫిబ్రవరి 1 నుంచి ఇంట్లో వాడే ప్రెషర్ కుక్కర్లకు ఐఎస్ 2347 ప్రమాణం తప్పనిసరి. అది లేనివాటిని అమ్మడం కూడా నిషేధమే.

నర్సంపేట స్టీల్ సామాన్లు: చట్టం సరే, రబ్బరు సంగతి తేల్చు.

కాజీపేట వకీలు: తేలుద్దాం. రబ్బరు వదులైతే ఆవిరి పక్కల నుంచి కారిపోతుంది. మూత ఎగిరి స్లాబుకు తగిలిందంటే ఆవిరికి ఎటూ దారి దొరకలేదన్నమాట. విజిల్ మూసుకుపోయిందనే అనుకుందాం, దానికోసమే కదా సేఫ్టీ వాల్వ్ ఉన్నది? వేడి ఎక్కువైతే అందులో లోహం కరిగి ఆవిరిని వదిలేయాలి. అదెందుకు కరగలేదు? వాల్వ్ ఎవరు మార్చారు?

హన్మకొండ బిడ్డ: వాల్వ్ ఎవరూ ముట్టలేదు. కొన్నప్పటిదే.

మడికొండ మామ: కేసులతో ఏమొస్తది? మా బావమరిదికి గీజర్ షాక్ కొట్టింది. మూడేళ్లు తిరిగి ఊరుకున్నాడు.

కాజీపేట వకీలు: ల్యాబ్ పరీక్ష ఉంటే 5 నెలల్లో తేల్చాలని చట్టంలో ఉంది, ఆలస్యమవుతున్న మాటా నిజమే. కానీ 5 లక్షల లోపు ఖరీదు వస్తువుకు ఫీజే లేదు. గడువు రెండేళ్లు. ఉంటున్న జిల్లాలోనే వేయొచ్చు.

జనగామ రాధ: కుక్కర్ పాత సామాన్లవాళ్లకు మాత్రం వేయకండి. అది లేకపోతే ల్యాబ్‌కు ఏం పంపుతారు?

నర్సంపేట స్టీల్ సామాన్లు: అందరూ ఒక్కటైపోయారు. చవకది కావాలని మీరే బేరమాడతారు, బిల్లు వద్దని మీరే అంటారు. రోజూ ముఖాలు చూసుకునే బజారు ఇది. ఒక్క నోటీసు వస్తే చిన్న దుకాణం లేవదు. మీ అమ్మ పొయ్యి మీద పెట్టి సీరియల్ ముందు కూర్చుని ఉంటది, అది మాత్రం ఎవరూ అడగరు.

జనగామ రాధ: ఏం మాట అన్నా అది? కాలిన మనిషి గురించి.

హన్మకొండ బిడ్డ: అడగకపోవడమేంది? అందరూ అదే అడిగారు. ఆస్పత్రిలో నర్సు కట్టు విప్పుతుంటే బాపు అడిగిన మొదటి మాట, ఎన్ని విజిల్స్ వచ్చినయ్ అని. మేనత్త వచ్చి పరధ్యానం ఎక్కువ అన్నది. ముప్పై ఏళ్లుగా వంట చేసే మనిషి, ఇప్పుడు లైటర్ పట్టుకుంటే చేయి వణుకుతుంది. నా తప్పేనేమో బిడ్డా అంటుంది. నాకు ఎంతొస్తుందన్న లెక్క లేదు. తప్పు కుక్కర్‌దని ఒక కాగితం మీద రాసి రావాలి. అది బాపు ముందు చదవాలి.

నర్సంపేట స్టీల్ సామాన్లు: సీరియల్ మాట అనకూడనిది, వెనక్కి తీసుకుంటున్నా. కానీ డబ్బాలు మాకు పంపే హోల్‌సేల్ వాళ్లను వదిలి మమ్మల్నే పట్టుకోవడం అన్యాయం. ఈ మాట మీద ఉంటా. మా దుకాణంలో ఉన్నవాటి మీద ఆ సీఎం/ఎల్ నంబరు అసలుదో కాదో ఎట్లా చూడాలి?

కాజీపేట వకీలు: ఐఎస్ఐ గుర్తు ఇచ్చే బీఐఎస్ వాళ్ల బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టండి అన్నా, నకిలీదైతే అక్కడే తెలుస్తుంది. హోల్‌సేల్ వాళ్లెవరో దుకాణాయన చెప్తే వాళ్లనూ పార్టీగా చేర్చొచ్చు. చెల్లె, చిట్టీ ఫొటో తీసి పెట్టుకోండి, ఇంకు వెలిసిపోతుంది.

హన్మకొండ బిడ్డ: తీశాను. కుక్కర్, మూత గోనెసంచిలో కట్టి సజ్జ మీద పెట్టాను, పప్పు కూడా కడగలేదు. సోమవారం ఫిర్యాదు ఇస్తున్నా. దుకాణం పేరు రాస్తున్నా.