పేపర్ కాపీ అని తేలితే జర్నల్ దాన్ని రిట్రాక్ట్ చేసి (వెనక్కి తీసుకుని) ఊరుకుంటే సరిపోతుందా?

కెమ్‌ల్యాబ్_వైజాగ్: 2008లో తిరుపతి ఎస్వీ యూనివర్సిటీ కెమిస్ట్రీ ప్రొఫెసర్ కేసు గుర్తుందా? వేరేవాళ్ల పని ఎత్తేసినవి, డేటా మార్చినవి కలిపి 70 దాకా పేపర్లు బయటపడ్డాయి, అన్నీ ఫారిన్ జర్నల్స్‌లో రివ్యూ దాటి అచ్చయినవే. ఇలాంటివాళ్లని జర్నల్సే బ్లాక్‌లిస్ట్ చెయ్యాలంటాను.

రఘు_స్కాలర్: జర్నలేమన్నా పోలీస్ స్టేషనా బ్రో. జర్నల్ ఎడిటర్లకి దారి చెప్పే కోప్ సంస్థ ఫ్లోచార్ట్ ప్రకారం ఎడిటర్ ముందు ఆథర్‌ని సంజాయిషీ అడుగుతాడు, కుదరకపోతే వాళ్ల యూనివర్సిటీకి రాస్తాడు, శిక్ష వెయ్యాల్సింది వాళ్లు. అయినా పాత రాతలతో ఎంత కలుస్తుందో సాఫ్ట్‌వేర్ ఇచ్చే సిమిలారిటీ రిపోర్టు చూసి దొంగ అనేస్తే ఎలా, నా పేపర్‌కి 22 శాతం వస్తే అందులో సగం మెథడ్సే, ఎక్స్‌ఆర్‌డీ (ఎక్స్‌రే టెస్టు) ఏ మెషీన్ మీద చేశామో ఎన్ని రకాలుగా రాస్తాం?

కెమ్‌ల్యాబ్_వైజాగ్: నేను శాతం అడగలేదు.

రఘు_స్కాలర్: శిక్షంతా శాతం మీదే కదా. యూజీసీ 2018 రూల్స్‌లో 10 శాతం దాకా ఏం లేదు, 40 దాటితే ఒక ఇంక్రిమెంట్ కట్, 60 దాటితే రెండు.

మౌనిక_ఎన్: ఈ 22 గోల ఆపండి ముందు. నా ఎమ్మెస్సీ ప్రాజెక్ట్ గ్రాఫు, మధ్యలో కరెంట్ పోయొచ్చినప్పుడు పడ్డ స్పైక్‌తో సహా, మా సీనియర్ పేపర్‌లో అచ్చయింది. సాఫ్ట్‌వేర్‌కి బొమ్మలు పట్టవు కదా, రిపోర్టు శుభ్రంగా వచ్చింది. ఎడిటర్‌కి మెయిల్ పెడితే మీ సంస్థలో తేల్చుకోండన్నాడు. సంస్థలో కమిటీ వేస్తే దాంట్లో కూర్చుంది ఆ పేపర్‌లో రెండో పేరున్న మా గైడే!

సుబ్బు_జీ: దొంగ చేతికే తాళాలు 🙏

రఘు_స్కాలర్: రా డేటా ఫైల్ డేట్‌తో పంపాల్సింది.

మౌనిక_ఎన్: పంపా. ల్యాబ్ సిస్టమ్‌లోది ల్యాబ్ సొత్తన్నారు. మీరు మీ గైడ్‌కి ఎప్పుడన్నా ఎదురు చెప్పారా అసలు?

రఘు_స్కాలర్: లేదు, చెప్పలేదు, అందుకే బ్లాక్‌లిస్ట్ వద్దంటున్నా! ఇంట్రో అంతా పాత పేపర్‌లోంచి దింపెయ్యమన్నది మా సారే, రిపోర్టు రాగానే "ఎవడు రాశాడ్రా ఇది" అన్నదీ ఆయనే. బ్లాక్‌లిస్ట్‌లో పడేది మొదటి పేరున్న మాలాంటోళ్లం. ఆయనకేం, ఇంకో స్కాలర్ దొరుకుతాడు.

కెమ్‌ల్యాబ్_వైజాగ్: ఇది ముందే చెప్పొచ్చుగా, ఇంతసేపూ శాతాలు శాతాలని చంపేశావ్. పేపర్ మీద పేరున్న అందరికీ బ్యాన్ వెయ్యమందాం, అప్పుడు గైడ్లు చదవకుండా సంతకం పెట్టరు.

రఘు_స్కాలర్: కరెస్పాండింగ్ ఆథర్, అంటే జర్నల్‌తో మాట్లాడేది, మా సారే. ఎడిటర్ సంజాయిషీ అడిగేదీ ఆయన్నే. తప్పు ఎవరిదని రాస్తాడంటారు?

మౌనిక_ఎన్: మా కేసులోనైతే "స్టూడెంట్ పొరపాటు" అని రాశారు. ఏ స్టూడెంటో రాయలేదు.