ఉభయకుశలోపరి: ఉత్తరం మొదట్లోనా, ఆఖర్నా?

నిన్న ఇక్కడ ఎవరో పెట్టిన పాత ఉత్తరం ఫొటోలో ఆఖర్న "ఇట్లు, ఉభయకుశలోపరి" అని ఉంది, చూసి ఊరుకోలేకపోయాను. అది మొదట రాసే మాటండీ. కుశల, ఉపరి కలిస్తే కుశలోపరి, గుణసంధి. మీరూ మేమూ క్షేమం, ఆ ముక్క అయ్యాక ఇక అసలు సంగతి, అని దానర్థం. ఆఖర్న పెడితే ఇంక చెప్పడానికి ఏటి మిగిలింది?

మాది బరంపురం. మా తాతగారు వ్యాసాలు రాసేవారు, పర్లాకిమిడిలో ఆయన స్నేహితుడు సాహిత్య పండితుడు, ఇద్దరి మధ్యా ఇన్‌ల్యాండ్ లెటర్లు నడిచేవి, ఓ నలభై దాకా ఇంకా మా ట్రంకుపెట్టెలో ఉన్నాయి. దేన్లో చూసినా మొదట ఉభయకుశలోపరి, అదే లైన్లో తగువు మొదలు. కన్యాశుల్కం 1897 నాటిది మేలా, 1909లో పెంచి రాసిందా అన్నదాని మీదే ఆరు ఉత్తరాలు. తాతగారికి మొదటిది ఇష్టం, బిగువుగా ఉందని. పండితుడుగారు రెండోది లేకపోతే గురజాడే లేడనేవారు. నేను పండితుడుగారి వైపే.

వాడుక భాషలోనే రాయాలని పోరాడిన గిడుగు రామమూర్తిగారి దగ్గరకొచ్చేసరికి మాత్రం ఇద్దరిదీ ఒకటే మాట. విజయనగరంలో గురజాడతో కలిసి చదువుకుని, 1880లో పర్లాకిమిడిలో మేష్టరుగా చేరి, సవర భాష నేర్చుకుని దానికి నిఘంటువు కట్టిన మనిషి, 1936లో ఆ ఊరు ఒరిస్సాలో కలిసేసరికి రాజమండ్రి వెళ్లిపోయారు. మన బరంపురంవాళ్లమూ అప్పుడే ఇటు ఒరిస్సాలో పడ్డాం. ఆ సంగతి రాసిన ఉత్తరంలో అక్షరాలు జిగురంచు మీదకి కూడా పాకాయి, చింపి తెరిచినప్పుడు రెండు మాటలు పోయాయి.

కామెంట్: ఉపరి అంటే పైన కదండీ? ఉపరితలం అంటాం.

జవాబు: సంస్కృతంలో రెండర్థాలూ ఉన్నాయి. మన తెలుగూ అంతే చూడండి, "ఆపైన ఏమైంది" అంటే తర్వాత ఏమైందనే, "ఇకపైన రాను" అన్నా అంతే.

కామెంట్: మరి గిడుగువారంటే అంత ఇష్టమున్నవాళ్లు ఈ సంస్కృతం ముక్క వదల్లేదా?

జవాబు: ఒక్క ఉత్తరంలో వదిలారు. "మనిద్దరం బాగున్నాం, ఆపైన" అని మొదలెట్టారు పండితుడుగారు. దాని కింద తాతగారు పెన్సిల్‌తో రెండుసార్లు గీత గీసుకున్నారు.